రాక్ స్టార్ డాక్యుమెంటరీలో అతను పుట్టిన ఊరికి ఎన్ని నిమిషాలు?

చిత్రావతి
శనివారం సాయంత్రాలు అనంతపురంలో మా డిగ్రీ పిల్లలకు ఏదో ఒక సినిమానో డాక్యుమెంటరీనో వేస్తుంటాను. ప్రొజెక్టర్ కాలేజీది, స్పీకర్లు మా ఇంటివి. మొన్న క్వీన్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద తీసిన ఒక టీవీ డాక్యుమెంటరీ వేశాను. గంటన్నర నిడివి. పాటలొచ్చినప్పుడు పిల్లలు కుర్చీల్లో నిలవలేదు. అయిపోయాక వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి, "మేడం, మొదట్లో ఒక బళ్లో పిల్లోళ్ల ఫోటో చూపించి ఇండియా అన్నారు గదా, ఈయప్ప మనోడా?" అన్నాడు. అవునన్నాను. "మరి చెప్పలేదే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి గడియారం పెట్టుకుని మళ్లీ చూశాను. ఆయన పుట్టిన ఆఫ్రికా దీవి జాంజిబార్, చదివిన మహారాష్ట్ర ఊరు పంచగని, పార్సీ ఇల్లు, అమ్మానాన్నలు, అన్నీ కలిపి నాలుగు నిమిషాలకు లోపే. మీసానికి, బట్టలకు, పార్టీలకు అంతకు మూడింతలు. ఆయన అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గుజరాత్ వైపు పార్సీలు. ఎనిమిదో ఏట ఓడెక్కించి పంచగనిలో హాస్టల్లో వేశారు. పియానో నేర్చుకున్నది అక్కడే, మొదటి బ్యాండు హెక్టిక్స్ కట్టింది అక్కడే. 1964లో జాంజిబార్‌లో విప్లవం వస్తే కుటుంబమంతా ఇంగ్లండ్ పోయింది. అప్పటికి ఆయనకు పదిహేడేళ్లు. పదిహేడేళ్ల బతుకుకు నాలుగు నిమిషాలా?

నా బాధ సరైనదేనా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? నెలాఖరుకు ఇంకో రెండు వేయాలి. ఏవి వేస్తే బాగుంటుందో కూడా చెప్పండి.

తుంగభద్ర77
ఎక్కువ ఆలోచిస్తున్నారు. ఆయనే పేరు మార్చుకున్నాడు. ఇంటర్వ్యూల్లో ఇండియా మాట ఎత్తడానికి ఇష్టపడలేదు. తన గురించి తాను చెప్పుకోనిది మనం తవ్వి తీయడమెందుకు?

బురుజు నీడ
కర్నూలోణ్ణి, నాకు ఈ నాలుగు నిమిషాల బాధ బాగా తెలుసు. మన సీమను సినిమాల్లో చూపించినట్టే ఉంది ఇది. సుమోలు, వేటకొడవళ్లు, బాంబులు. రెండున్నర గంటల సినిమాలో ఒక్కడన్నా శెనక్కాయ పీకేవాడు కనపడతాడా? కేసీ కాలువకు నీళ్లొస్తాయా రావా అని గట్టు మీద కూర్చున్న మా నాయన కనపడతాడా? హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు "కర్నూలా? ఇంట్లో బాంబులుంటాయా?" అని అడిగినారు నన్ను. తమాషాకే అడిగినారు, కానీ మూడేళ్లు అడిగినారు. ఏది ఎన్ని నిమిషాలు చూపిస్తే జనాలకు అదే గుర్తుంటుంది. మేడం లెక్క పెట్టడం న్యాయమే.

ఉగ్గాని బజ్జి
బురుజన్న రెండు లైన్లలో శెనక్కాయ, కేసీ కాలువ రెండూ తెచ్చేసినాడు. ఫ్రెడ్డీ పంచగనిలో ఏం తిన్నాడో ఎవరన్నా చెప్పండప్పా, ఆకలేస్తాంది.

పాత క్యాసెట్
కడప నుంచి. 1980ల్లో మద్రాసు పోయినప్పుడల్లా క్యాసెట్లు కొనుక్కొచ్చుకున్నవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

చిత్రావతి గారూ, మీరు చూసింది ఏదో గానీ, అన్నీ అట్లా లేవు. 2000లో రూడీ డోలెజల్, హానెస్ రోసాకర్ తీసిన 'ది అన్‌టోల్డ్ స్టోరీ' చూడండి. అందులో జాంజిబార్ వీధులున్నాయి, పంచగని బడి ఉంది, అప్పటి బడి స్నేహితులు మాట్లాడతారు, వాళ్లమ్మ మాట్లాడుతుంది. ఆ తల్లి కొడుకు గురించి చెప్తుంటే ఇంగ్లీషు అర్థం కాకపోయినా అర్థమవుతుంది. నేను చూసిన రోజు మా అమ్మ పక్కనే కూర్చుంది, ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు ఆమెకు, "ఆయమ్మ కొడుకు పోయినాడా?" అని అడిగింది.

తుంగభద్రా, నువ్వు చెప్పింది సగమే నిజం. ఆయన బయట మాట్లాడలేదు, ఒప్పుకుంటా. కానీ ఇంటినీ మతాన్నీ వదిలేసుకోలేదు. 1991 నవంబర్ 24న పోతే, మూడు రోజుల తర్వాత అంత్యక్రియలు చేయించింది పార్సీల మతమైన జొరాస్ట్రియన్ పూజారులు. వాళ్ల ప్రార్థనలు వాళ్ల భాషలోనే జరిగినాయి. 1978 ఆల్బమ్‌లో 'ముస్తఫా' అని ఒక పాట ఉంది, వినండి. ఇబ్రహీం, అల్లా అంటూ మొదలుపెడతాడు. జాంజిబార్‌లో పెరిగిన పిల్లోడి చెవిలో ఏం పడి ఉంటుందో ఆ పాట వింటే ఊహించుకోవచ్చు. ఇట్లాంటివి చూపించకుండా మీసం చూపిస్తే ఎట్లా?

తుంగభద్ర77
పాత క్యాసెట్ గారూ, అంత్యక్రియలు కుటుంబం చేయిస్తుంది. దాన్ని బట్టి ఆయన మనసు చెప్పలేం. నా మాట ఇంతే: మనిషి తలుపు వేసుకుంటే మనం కిటికీలోంచి చూడకూడదు.

హంద్రీ
తుంగభద్ర గారి మాటను తీసిపారేయొద్దు. నాకొక అనుభవం ఉంది. బెంగళూరులో పీజీలో ఉన్నప్పుడు నా యాసకు నవ్వుతారని ఆరు నెలలు "కోస్తా" యాసలో మాట్లాడినా. ఎవరన్నా మీదేవూరంటే విజయవాడ అన్నా. ఇప్పుడు నా మీద ఎవరన్నా వీడియో తీసి "ఈయన విజయవాడ" అంటే అబద్ధం. "ఈయన ఊరు దాచుకున్నాడు" అంటే నాకు సిగ్గు. కానీ "ఈయన ఎందుకు దాచుకున్నాడు" అని అడిగితే, ఆ నవ్విన వాళ్లు కూడా తెర మీదకు రావాల్సొస్తది. అట్ల తీస్తే నేనే కూర్చొని చెప్తా.

చిత్రావతి
హంద్రీ గారు నా నోట్లో మాట లాక్కున్నారు. 1964లో ఇంగ్లండ్ చేరిన కుర్రాడు. హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. 1968లో ఇనాక్ పావెల్ అనే ఎంపీ వలసొచ్చిన వాళ్ల మీద చేసిన ప్రసంగం దేశమంతా మోగింది. ఆయనకు మద్దతుగా రేవు కార్మికులు ఊరేగింపు కూడా తీశారు. అప్పుడు ఈ కుర్రాడు ఆర్ట్ కాలేజీ విద్యార్థి. రెండేళ్లకు బల్సారా పోయి మెర్క్యురీ వచ్చింది. పేరు మార్చడానికి కారణం ఇదేనని నేను అనను, ఆయన అట్లా చెప్పలేదు. కానీ ఆ రోజులు ఎట్లాంటివో చూపిస్తే చూసేవాడు తనంతట తాను ఆలోచించుకుంటాడు. నేను చూసిన దాంట్లో హీత్రో ఉంది. పావెల్ లేడు.

తలుపు వేసుకున్న మనిషి ఇంట్లోకి తొంగి చూడమని నేను అడగట్లేదు తుంగభద్ర గారూ. ఆ వీధి చూపించమంటున్నాను.

తుంగభద్ర77
వీధి చూపించడం వరకు నాకూ అభ్యంతరం లేదు.

సూటిమాట
ఇదంతా చదివి ఒక్కటి అడుగుతా. ఇక మీదట డాక్యుమెంటరీలో నల్లవాళ్లు ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది, ఏ కులం ఎంత అని రిజర్వేషన్ రోస్టర్ పెట్టుకుని చూడాలా? పాట బాగుందా లేదా, అంతే. గిటారు తీగకు రంగు తెలుస్తదా?

ఉగ్గాని బజ్జి
గిటారు తీగకు తెలీదు. కెమెరా పట్టుకున్నోడికి తెలుసు.

ఎర్రమల దరువు
సూటిమాట అన్నకు నేను చెప్తా.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. మా తాత ఉరుములు వాయించేవాడు. ఆ వాద్యాన్ని వంకర పుల్లతో రాపిడిస్తే నిజంగా ఆకాశం ఉరిమినట్టే ఉంటది, పేరు అట్లే వచ్చింది. జాతరొస్తే మా తాత బృందం లేకుండా అమ్మవారు కదలదు. ఇప్పుడు ప్రతి జాతరా యూట్యూబులో ఉంటది. చూడండి పోయి. అమ్మవారు కనపడతాది, ఫ్లెక్సీలో నాయకుడు కనపడతాడు, దండలేసుకున్న పెద్దమనుషులు కనపడతారు. ఉరుము మోత మాత్రం గంటసేపు వినపడతాది. వాయించే మనిషి మొగం ఒక్క నిమిషం కనపడదు. పేరు అసలే ఉండదు. పాట బాగుందా లేదా అంటే బాగానే ఉంది అన్నా. వాయించినోడెవడు?

రాక్ సంగతీ ఇంతే. సిస్టర్ రొసెట్టా థార్ప్ అని ఒక నల్లజాతి ఆడమనిషి. 1915లో అర్కన్సాలో పుట్టింది. చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటారు పట్టింది. 1940ల్లో ఆమె వాయించిన తీరు విని ఆ తర్వాత మగవాళ్లు నేర్చుకున్నారు. చచ్చిపోయింది 1973లో. ఆమె సమాధి మీద ఏళ్ల తరబడి పేరు కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చింది 2018లో. పోయిన నలభై అయిదేళ్లకు. 'హౌండ్ డాగ్' పాట అనంగానే ఎవరు గుర్తొస్తారు? 1956లో పాడిన తెల్ల గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ. ముందు పాడింది నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్. ఆమె రికార్డు 1953లోనే వచ్చింది. నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ 1955లో 'టూటీ ఫ్రూటీ' పాడితే, పాట్ బూన్ అనే తెల్లాయన మళ్లీ పాడి పాప్ చార్టులో ఆయన కంటే పైకి పోయినాడు.

రోస్టర్ కాదన్నా ఇది. దొంగతనం పోయిన వస్తువు ఎవరిదో చెప్పమంటున్నాం.

సూటిమాట
తాత సంగతి చదివాక నా మాట కొంచెం కరుకుగా ఉందనిపించింది. ఒప్పుకుంటా. కానీ నా భయం వేరే. ఎవరెవరు ఎంతసేపు అనే లెక్కలో పడితే డాక్యుమెంటరీ తీసేవాడు అందరికీ తలా రెండు నిమిషాలు పంచి చేతులు దులుపుకుంటాడు. అప్పుడు ఎవరి కథా ఉండదు. టీవీ చర్చల్లో తలా ఒక డబ్బాలో కూర్చోబెట్టినట్టు.

పాత క్యాసెట్
ఈ భయం సరైందే. లైవ్ ఎయిడ్‌లో జరిగింది చూడండి. 1985 జులై 13. ఇథియోపియా కరువు కోసం లండన్, ఫిలడెల్ఫియాల్లో కచేరీలు. వెంబ్లీలో డెబ్బై వేల మంది పైన. క్వీన్ ఇరవై నిమిషాలు పాడి మొత్తం ఎత్తుకెళ్లింది, దాన్ని చూపించని డాక్యుమెంటరీ లేదు. కానీ ఆఫ్రికా కోసం పెట్టిన కచేరీలో ఆఫ్రికా కళాకారులు దాదాపు లేరు. అప్పట్లోనే అడిగినారు. ఇరవై ఏళ్ల తర్వాత 2005లో లైవ్ 8 పెట్టినప్పుడూ అదే గొడవ. అప్పుడేం చేసినారు? లండన్ హైడ్ పార్కులో పెద్ద వేదిక పెద్దోళ్లకిచ్చి, ఆఫ్రికా వాళ్లకు ఎక్కడో కార్న్‌వాల్‌లో వేరే వేదిక పెట్టినారు. పెండ్లిలో పంక్తి వేరే వేసినట్టు. లెక్క సరిపోయింది, మర్యాద సరిపోలేదు.

బురుజు నీడ
పంక్తి మాట కరెక్టుగా తగిలింది.

కోరస్ గొంతు
ఇప్పటిదాకా చదువుతూ ఊరకే ఉన్నా. ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా.

ప్రొద్దుటూరు, మైదుకూరు, రాయచోటి, ఈ చుట్టుపక్కల ఊర్లలో పదకొండేళ్లు ఆర్కెస్ట్రాలో పాడినా. ఎక్కువగా కోరస్. మెయిన్ సింగర్ గొంతు పట్టేస్తే పైస్థాయి చరణం నేను ఎత్తుకునేదాన్ని, జనానికి తేడా తెలిసేది కాదు. ఒకసారి ఒక పెద్ద పెండ్లిలో మొత్తం కచేరీ వీడియో తీసినారు. తర్వాత ఇంటికి తెచ్చి చూసుకుంటే నా గొంతు ప్రతి పాటలో ఉంది, నేను ఎక్కడా లేను. ఒక్కచోట మోచేయి ఉంది. ఆకుపచ్చ గాజులు వేసుకున్నా ఆ రోజు, అందుకే గుర్తుపట్టినా. మా పాప అప్పుడు నాలుగేళ్లది, "అమ్మా నువ్వేడీ?" అని టీవీ వెనక్కు పోయి చూసింది.

చాలా ఏళ్ల తర్వాత మా తమ్ముడు ఒక డాక్యుమెంటరీ పెట్టి చూపించినాడు, '20 ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్', 2013ది. మొత్తం వెనక నిలబడి పాడే ఆడవాళ్ల గురించే. దానికి ఆస్కార్ వచ్చింది. అందులో మెర్రీ క్లేటన్ అనే ఆమె ఉంది. 1969లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండు వాళ్లు రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి పిలిపిస్తే, కడుపుతో ఉన్న మనిషి, నిద్ర మంచం మీంచి లేచి తలకు రోలర్లతోనే స్టూడియోకు పోయి 'గిమ్మీ షెల్టర్'లో పాడింది. ఆమె గొంతు ఎక్కడ చిట్లిందో ఆ పాటలో వినపడతాది. ఆ పాట అందరికీ తెలుసు. ఆమె పేరు ఎంతమందికి తెలుసు?

చిత్రావతి మేడం, మీ నెలాఖరుకు అది వేయండి. ఆడపిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి.

హంద్రీ
అక్కా, గాజుల మాట చదివి ఫోన్ పక్కన పెట్టేసినా కాసేపు.

చిత్రావతి
తప్పకుండా వేస్తాను అక్కా. మీకు వీలైతే ఆ రోజు అనంతపురం రండి. బస్సు చార్జీలు నావి.

కోరస్ గొంతు
వస్తాను. చార్జీలు వద్దు.

కత్తెర గది
ప్రొద్దుటూరు వాణ్ణి, హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేస్తాను. తీసేవాళ్ల వైపు నుంచి రెండు ముక్కలు, ఎవరినీ వెనకేసుకు రావడానికి కాదు.

రాక్ స్టార్ మీద డాక్యుమెంటరీ అంటే పాటలు కావాలి. పాట వాడాలంటే రెండు అనుమతులు, రాసినవాళ్ల హక్కు ఒకటి, రికార్డింగ్ హక్కు ఒకటి. పాత దృశ్యాలకు సెకన్ల లెక్కన డబ్బు. ఈ హక్కులు చాలాసార్లు బ్యాండు దగ్గరో కుటుంబం దగ్గరో ఉంటాయి. వాళ్లకు నచ్చనిది పెడితే పాట రాదు, పాట రాకపోతే సినిమా లేదు. అందుకే "అనుమతితో తీసిన" డాక్యుమెంటరీలు అంత నున్నగా ఉంటాయి. ఇంకోటి, 1950ల జాంజిబార్‌లో ఒక గుమాస్తా ఇంట్లో సినిమా కెమెరా ఎక్కడిది? నాలుగు ఫోటోలుంటాయి. 1985 వెంబ్లీకి పదుల కెమెరాలున్నాయి. దృశ్యం ఎక్కడుంటే కథ అటు వాలుతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఇది రోజూ చూసే నిజం.

అయినా కోసేటప్పుడు ఏం కోశామో మాకు తెలుసు. 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' చూశారా? డెట్రాయిట్‌లో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన రోడ్రిగెజ్, 1970లో రికార్డు వేసి అమెరికాలో ఎవరికీ పట్టక కూలి పని చేసుకుంటూ బతికాడు. ఆయనకు తెలియకుండానే దక్షిణాఫ్రికాలో పెద్ద పేరు. 1998లో అక్కడికి పోయి పాడాడు. 2012లో వచ్చిన ఆ డాక్యుమెంటరీ ఏడిపిస్తుంది, ఆస్కార్ కూడా వచ్చింది. కానీ ఆయన 1979లో, 1981లో ఆస్ట్రేలియా పోయి కచేరీలు చేశాడు. అది అందులో లేదు. ఉంటే "ప్రపంచం మరిచిపోయిన మనిషి" అనే కథ నిలబడదు. పేదవాణ్ణి, వలసవాణ్ణి చూపించాలని మంచి మనసుతోనే తీశారు, అయినా ఆయన బతుకులో ఆయన గెలిచిన ముక్కను కోశారు. నాకు అది మంచిగా అనిపించలేదు.

సూటిమాట
ఇది నాకు తెలీదు. ఆ సినిమా చూసి నేను ఏడ్చినా. ఇప్పుడు ఏం చేయాలో తెలీడంలే.

కత్తెర గది
ఏడ్చింది వృథా కాదన్నా. ఆయన కూలి పని నిజం, దక్షిణాఫ్రికా నిజం.

పెన్న ఒడ్డు
కత్తెర గది గారు దృశ్యం ఎక్కడుంటే కథ అటు వాలుతుంది అన్నారు. దృశ్యాలు ఉండి కూడా వాలనివి ఉన్నాయి. 1969 వేసవిలో న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లజాతి సంగీతం పండగ వారాల తరబడి జరిగింది. స్టీవీ వండర్, నీనా సిమోన్, మహాలియా జాక్సన్ పాడారు. హాల్ టల్చిన్ అనే ఆయన మొత్తం చిత్రీకరించాడు. అదే వేసవిలో పెద్ద రాక్ పండగ ఉడ్‌స్టాక్ జరిగింది, దాని మీద మరుసటి ఏడాదే సినిమా వచ్చింది, దేశదేశాలు చూశాయి. హార్లెమ్ టేపులు మాత్రం దాదాపు యాభై ఏళ్లు మూలన ఉన్నాయి, కొనేవాళ్లు లేక. 2021లో సంగీతకారుడు క్వెస్ట్‌లవ్ వాటిని 'సమ్మర్ ఆఫ్ సోల్'గా తీస్తే ఆస్కార్ వచ్చింది. టల్చిన్ అప్పటికి బతికి లేడు.

మా పెన్న ఒడ్డున చెక్కభజన బృందాల వీడియోలు ఎన్ని ఇళ్లలో పాత సీడీల్లో పాడైపోతున్నాయో.

తెల్లకోటు
జిల్లాలో హెచ్‌ఐవీ బాధితులకు కౌన్సెలింగ్ చేస్తాను, పదమూడేళ్లయింది. ఊరు పేరు రాయను, మా దగ్గరికొచ్చేవాళ్ల కోసం.

మీరంతా పుట్టిన ఊరు, రంగు, ఆడామగా గురించి మాట్లాడారు. జబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఫ్రెడ్డీ తనకు ఎయిడ్స్ ఉందని బయటికి చెప్పింది 1991 నవంబర్ 23న. మరునాడే పోయాడు. అప్పటికి ఆయన ఇంటి ముందు పత్రికలవాళ్లు కాపు కాసి, చిక్కిపోయిన ముఖం ఫోటోలు తీసి అమ్ముకుంటున్నారు. ఈరోజు డాక్యుమెంటరీల్లో కూడా అవే ఫోటోలు, కింద విషాద సంగీతం. నేను అడిగేదేమంటే, ఆయన బతికున్నప్పుడు చాటు నుంచి తీసిన ఫోటోను ఇప్పుడు మళ్లీ వాడొచ్చా? మన దగ్గర 2017 చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు.

ఇంకొక బాధ. అట్లాంటి డాక్యుమెంటరీ చూసి ఒక అబ్బాయి నా దగ్గరకొచ్చాడు, ఇరవై రెండేళ్లు, అంతకు వారం ముందే పాజిటివ్ అని తెలిసింది. "నేనూ అట్లే అయిపోతా గదా మేడం" అన్నాడు. ఆ డాక్యుమెంటరీలో చివర ఒక్క వాక్యం ఉంటే ఆ పిల్లాడు వారం నిద్ర పోయేవాడు. 1987లో మొదటి మందు వచ్చింది, అదొక్కటే సరిపోలేదు. మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స 1996లో వచ్చింది. ఆయన పోయిన అయిదేళ్లకు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఈరోజు మందులు వేళకు వేసుకునేవాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లలను కంటున్నారు, శెనక్కాయ చేన్లో పని చేస్తున్నారు. ఆ అబ్బాయికి ఇప్పుడు ఇరవై తొమ్మిది. ట్రాక్టర్ నడుపుతాడు.

చిత్రావతి
మేడం, నేను వేసినప్పుడు ఆ మాట చెప్పలేదు. లైట్లు వేసి పంపించేశాను. మా పిల్లల్లో ఎవరికి ఏముందో నాకేం తెలుసు. వచ్చే శనివారం మొదట ఇదే చెప్తాను.

తుంగభద్ర77
తెల్లకోటు గారూ, నేను మొదట అన్న తలుపు మాట మీ దగ్గర నిలబడుతుందనుకుంటా. ఆ ఫోటోలు నిజంగానే కిటికీలోంచి తీసినవి.

పాత క్యాసెట్
1992 ఏప్రిల్ 20న ఆయన జ్ఞాపకంగా వెంబ్లీలో పెట్టిన కచేరీ ఎయిడ్స్ కోసమే. ఆ డబ్బుతో పెట్టిన మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు తర్వాత కూడా పనిచేసింది. తెల్లకోటు గారు చెప్పిన ఆ చివరి వాక్యానికి దృశ్యాలు కావాలంటే ఉన్నాయి, కత్తెర గది గారూ.

ఒక చేదు మాట కూడా చెప్పాలి, నేను ఆయన వీరాభిమానిని కాబట్టి నేనే చెప్తా. 1984 అక్టోబర్‌లో క్వీన్ దక్షిణాఫ్రికా సన్ సిటీ రిసార్టులో పాడింది. వర్ణవివక్ష నడుస్తున్న కాలం, ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణ పెట్టిన కాలం. బ్రిటన్ సంగీతకారుల సంఘం వాళ్లకు జరిమానా వేసింది. గోధుమరంగు చర్మం ఉన్న మనిషి, ఆఫ్రికా గడ్డ మీద పుట్టిన మనిషి, అక్కడికి పోయి పాడినాడు. మనోడు మనోడు అని పండగ చేసుకునే డాక్యుమెంటరీ తీస్తే ఇది వదిలేయకూడదు. పుట్టుక చూపిస్తే పుట్టుకతో పాటు వచ్చే ప్రశ్న కూడా చూపించాలి. నాకు ఇది తెలిసినప్పుడు క్యాసెట్లు ఒక నెల ముట్టలేదు. తర్వాత మళ్లీ విన్నా. కోపం అట్లే ఉంది, పాటా అట్లే ఉంది.

బురుజు నీడ
ఫ్రెడ్డీ మీద వచ్చిన 2018 సినిమా 'బొహీమియన్ రాప్సొడీ' సంగతేంటి మరి? అందులో అమ్మానాన్నలు బాగానే కనపడతారు గదా.

పాత క్యాసెట్
అది కథాచిత్రం, డాక్యుమెంటరీ కాదు. ఇంట్లో సన్నివేశాలు నాకూ నచ్చినాయి. కానీ లైవ్ ఎయిడ్‌కు ముందే జబ్బు సంగతి బ్యాండుకు చెప్పినట్టు చూపించినారు. ఆయన భాగస్వామి జిమ్ హట్టన్ రాసిన దాని ప్రకారం జబ్బు బయటపడింది 1987లో. కచేరీ సన్నివేశానికి కన్నీళ్లు కావాలని జబ్బును రెండేళ్లు ముందుకు జరిపినారు. తెల్లకోటు గారు చదివితే ఏమంటారో.

తెల్లకోటు
మంచిది కాదంటాను. జబ్బు తేదీ సౌకర్యం కోసం జరిపేది కాదు.

ఉగ్గాని బజ్జి
చిత్రావతి మేడం, లిస్టు రాసుకున్నారా? నేనైతే హార్లెమ్ది, కోరస్ అక్క చెప్పింది. ఇంకొకటి నేను చెప్తా, 2017ది, 'రంబుల్' అని. అమెరికా ఆదివాసీల నుంచి వచ్చిన రాక్ వాద్యకారుల మీద. లింక్ రే అని, షానీ అనే ఆదివాసీ తెగ మూలాలున్నాయన 1958లో మాటల్లేకుండా ఉత్త గిటారు వాయిస్తే, పిల్లోళ్లు గొడవలకు దిగుతారని కొన్ని రేడియోల్లో వేయనీయలేదు. మాటల్లేని పాటకు అంత భయపడినారు.

ఎర్రమల దరువు
మా తాత ఉరుములకూ మాటల్లేని దరువుంది. చిన్నప్పుడు నాకూ భయమేసేది.

మేడం, వెనక బెంచీ అబ్బాయి ఎవరో నాకు తెలుసు. మా చిన్నాన్న కొడుకు. ఆ రోజు ఇంటికి పోయి తాతకు ఫోన్లో లైవ్ ఎయిడ్ ముక్క చూపించినాడంట.

చిత్రావతి
తెలుసు, సోమవారం నాకు చెప్పాడు. తాత దగ్గర కూర్చుని వీడియో తీస్తానని కెమెరా అడిగాడు. కాలేజీ కెమెరా ఇచ్చాను. కత్తెర గది గారూ, వాడికి ఎట్లా కోయాలో ఫోన్లో చెప్తారా? మొదటిరోజు ఏం తీయాలని అడిగితే, ముందు చేతులు తీయి, తర్వాత ముఖం తీయి, పేరు తాతనే చెప్పమను, ఏం చెప్పొద్దంటాడో అది కూడా అడుగు అన్నాను. వాళ్ల తాత ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడంట, బృందంలో మిగతా ఏడుగురూ ఉండాలని, వాళ్ల పేర్లు కూడా వేయాలని.

కత్తెర గది
నంబర్ పంపించండి. ఆదివారం ఖాళీ. శబ్దం విడిగా రికార్డు చేయమనండి, ఫోన్ ఒకటి వాద్యం దగ్గర పెట్టి. ఉరుము మోతకు కెమెరా మైకు చిట్లిపోతుంది.

ఎర్రమల దరువు
ఇంకోటి మర్చిపోయినా. లైవ్ ఎయిడ్ ముక్క చూసినాక తాత ఫ్రెడ్డీ గురించి ఏం అడగలేదంట. వెనక్కు జరిపించి మళ్లీ పెట్టమన్నాడంట. "ఆ వెనకాల డ్రమ్ములు కొడతాండే పిల్లోడు ఎవరు? పేరేంది?" అన్నాడంట. వీడికి తెలీలేదు.

పాత క్యాసెట్
రోజర్ టేలర్ అని చెప్పమను తాతకు. బ్యాండుకు డబ్బుల్లేని రోజుల్లో ఫ్రెడ్డీతో కలిసి లండన్ కెన్సింగ్టన్ మార్కెట్‌లో బట్టలమ్మినాడు.